ఉత్తర కొరియా చూడాలనుకునే తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర కొరియా గురించి మనకు చేరేవాటిలో సగం వాట్సాప్ కథలే. ఫలానా హెయిర్ కట్ చేయించుకుంటే జైలు, నవ్వితే జైలు, నవ్వకపోయినా జైలు అంటారు. మిగతా సగం, రెండు మూడు రోజులు తిరిగొచ్చి ఆ దేశం మొత్తం అర్థమైపోయినట్టు చెప్పే వీడియోలు. అందుకే వెళ్లాలని నిజంగా ఆలోచించేవాళ్లు అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాం. కొన్నిటికి ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు, కొన్నిటికి కాస్త వివరంగా చెప్పాలి.

అసలు ఇప్పుడు వెళ్లొచ్చా?

2025 చివరి నాటికైతే మామూలు టూరిస్టుకు దాదాపుగా వీల్లేదు. 2020 జనవరిలో కోవిడ్ భయంతో సరిహద్దులు మూసేశారు. ప్రపంచమంతా తెరుచుకున్నాక కూడా వాళ్లు తెరవలేదు. 2024 ఫిబ్రవరిలో మొదట రష్యన్ టూరిస్టులను రానిచ్చారు. ఏడాది తర్వాత, 2025 ఫిబ్రవరిలో, రాసన్ అనే ప్రత్యేక ఆర్థిక మండలాన్ని ఇతర దేశాల గ్రూపులకూ తెరిచారు. చైనా, రష్యా సరిహద్దులు కలిసే ఈశాన్య మూలన ఉంటుందిది. కొన్ని వారాల్లోనే, కారణం కూడా చెప్పకుండా, మళ్లీ మూసేశారు. ఏప్రిల్‌లో ప్యాంగ్యాంగ్ మారథాన్ కోసం విదేశీ రన్నర్లు వెళ్లొచ్చారు. జులై 1న తూర్పు తీరంలో వోన్సాన్ కల్మా అనే భారీ బీచ్ రిసార్ట్ ప్రారంభించారు. ఒకేసారి 20,000 మంది ఉండొచ్చని గొప్పగా చెప్పుకున్నారు. ఆ నెల తిరక్కముందే విదేశీయులను ప్రస్తుతానికి తీసుకోవడం లేదన్నారు. రష్యన్ గ్రూపులకు మాత్రం దారి దొరికింది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. 2020కి ముందు ఆ దేశానికి వెళ్లే టూరిస్టుల్లో అత్యధికులు చైనావాళ్లే. వాళ్లకే 2025 చివరి వరకూ పాత రోజుల్లా గేట్లు ఎత్తలేదు. కాబట్టి "వచ్చే నెల ఓపెన్ అవుతుంది, అడ్వాన్స్ కట్టండి" అని ఎవరన్నా చెప్తే, టూర్ రద్దయితే డబ్బు వెనక్కి ఇస్తామని కాగితం మీద రాయించుకోండి. రాయనంటే కట్టకండి.

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు అనుమతి ఉందా?

నిషేధమేమీ లేదు. భారత్‌కూ ఉత్తర కొరియాకూ 1973 నుంచి దౌత్య సంబంధాలున్నాయి. ఢిల్లీలో వాళ్ల ఎంబసీ ఉంది, ప్యాంగ్యాంగ్‌లో మనది ఉంది. మన ఎంబసీ సిబ్బంది 2021లో వెనక్కి వచ్చేశారు, 2024 డిసెంబర్‌లో మళ్లీ వెళ్లారు. ఇది చిన్న విషయం కాదు. అక్కడ ఏదైనా ఇబ్బందిలో పడితే అమెరికన్‌కు సొంత ఎంబసీ లేదు. ఇండియన్‌కు ఉంది.

మాకు అమెరికా పౌరసత్వం వచ్చింది. ఓసీఐ కార్డు కూడా ఉంది. వెళ్లొచ్చా?

వెళ్లకూడదు. 2017 సెప్టెంబర్ 1 నుంచి ఉత్తర కొరియా ప్రయాణానికి అమెరికా పాస్‌పోర్ట్ చెల్లదు. ఆ నిషేధాన్ని ఏటా పొడిగిస్తూ వస్తున్నారు. ప్రత్యేక అనుమతి ఉంటుంది కానీ అది జర్నలిస్టులు, రెడ్ క్రాస్ లాంటి సేవా సంస్థలవాళ్లు, ఇంకా కొన్ని ప్రత్యేక సందర్భాల కోసం. "ఊరికే చూసొద్దామని" అంటే ఇవ్వరు. ఓసీఐ కార్డు పాస్‌పోర్ట్ కాదు కాబట్టి దాంతో ఏ ఉపయోగమూ లేదు.

హెచ్1బీ, గ్రీన్ కార్డు మీద ఉండి ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే వాడుతున్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. కానీ తర్వాత అమెరికా వీసా ఫారం నింపేటప్పుడు గత ఐదేళ్లలో ఏయే దేశాలు తిరిగారని అడుగుతారు. అక్కడ నిజమే రాయాలి. దాని మీద ఇంకో నాలుగు ప్రశ్నలు పడే అవకాశం ఉంది. వీసా స్టాంపింగ్ అంటేనే టెన్షన్ పడేవాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో స్థిరపడి అక్కడి పాస్‌పోర్ట్ తీసుకున్నవాళ్లకు ఇంకో మెలిక ఉంది. 2011 మార్చి 1 తర్వాత ఒక్కసారి ఉత్తర కొరియా వెళ్లినా, అమెరికాకు ఈస్టా మీద, అంటే వీసా లేకుండా ఆన్‌లైన్ అనుమతితో, వెళ్లే వీలు పోతుంది. ఎంబసీకి వెళ్లి మామూలు వీసా తీసుకోవాలి. పిల్లలు అమెరికాలో ఉండి ఏటా వెళ్లొచ్చేవాళ్లకు ఇది పెద్ద తలనొప్పే.

టూర్ కంపెనీ లేకుండా సొంతంగా వెళ్లొచ్చా?

లేదు. టికెట్ కొనుక్కుని, హోటల్ బుక్ చేసుకుని, దిగాక చూసుకుందాం అనే పద్ధతి అక్కడ లేదు. ఏ రోజు ఎక్కడ, ఏ హోటల్, ఏ భోజనం అన్నీ ముందే ఖరారవుతాయి. అక్కడి ప్రభుత్వ ట్రావెల్ సంస్థతో ఒప్పందం ఉన్న విదేశీ ఏజెన్సీ ద్వారానే వెళ్లాలి. "ఇండివిడ్యువల్ టూర్" అని అమ్మినా అర్థం ఒక్కటే: మీరొక్కరే, మీ వెంట ఇద్దరు గైడ్లు, ఒక డ్రైవర్.

వీసా పాస్‌పోర్ట్‌లో పడుతుందా? తర్వాత దక్షిణ కొరియాకు ఇబ్బందా?

టూరిస్టులకు సాధారణంగా విడి కాగితం మీద వీసా ఇస్తారు. దేశం విడిచి వచ్చేటప్పుడు అది వాళ్లే తీసేసుకుంటారు. దాంతో పాస్‌పోర్ట్‌లో గుర్తు మిగలదు. అంతమాత్రాన వెళ్లలేదని ఏ దేశానికీ అబద్ధం చెప్పకండి. దారి మామూలుగా చైనా మీదుగానే కాబట్టి, చైనాలోకి రెండుసార్లు ప్రవేశించిన ముద్రలు చూసినవాళ్లకు మధ్యలో ఎక్కడికి వెళ్లారో ఊహించడం కష్టం కాదు. విదేశీయులు టూరిస్టుగా ఉత్తర కొరియా వెళ్లినంత మాత్రాన దక్షిణ కొరియా తలుపు మూయదు. నిషేధం వాళ్ల సొంత పౌరులకే.

వీసా దరఖాస్తులో ఉద్యోగం వివరాలు అడుగుతారు. జర్నలిస్టులకు టూరిస్ట్ వీసా ఇవ్వరు. ఉద్యోగం దాచి వెళ్తే మీతో పాటు మిమ్మల్ని తీసుకెళ్లిన ఏజెన్సీ, అక్కడి గైడ్లు కూడా ఇరుక్కుంటారు.

ఏ దారిలో వెళ్తారు?

మామూలు రోజుల్లో బీజింగ్ నుంచే. ఉత్తర కొరియా ప్రభుత్వ విమాన సంస్థ ఎయిర్ కొర్యో విమానం ఒక దారి. బీజింగ్ నుంచి దాన్‌దోంగ్ మీదుగా యాలు నది వంతెన దాటి సినుయిజు, అక్కడి నుంచి ప్యాంగ్యాంగ్ వెళ్లే రైలు రెండో దారి. రైలైతే దారి పొడవునా పల్లెలు, పొలాలు కనిపిస్తాయి. విమానంలో వెళ్లి రాజధాని మాత్రమే చూసినవాళ్లకు అది దొరకదు. రెండూ నడుస్తుంటే ఒకవైపైనా రైలెక్కమనే చెప్తాను.

చైనాలోకి రెండుసార్లు అడుగు పెడతారు కాబట్టి మనవాళ్లు డబుల్ ఎంట్రీ చైనా వీసా తీసుకోవాలి. సింగిల్ ఎంట్రీతో బయల్దేరితే తిరుగు ప్రయాణంలో చిక్కుకుపోతారు.

గైడ్లు నిజంగా ఎప్పుడూ వెంటే ఉంటారా?

ఉంటారు. హోటల్ గది తప్ప ప్రతిచోటా. ఒక్కరు కాదు, ఇద్దరు. ఆ ఇద్దరూ ఒకరినొకరు కూడా గమనించుకుంటారన్నది అందరికీ తెలిసిన సంగతే. టూరిస్టులను ఎక్కువగా ఉంచే యాంగ్‌గాక్‌దో హోటల్ తేదోంగ్ నది మధ్యలో ద్వీపం మీద ఉంది. 47 అంతస్తులు, పైన తిరిగే రెస్టారెంట్. రాత్రి పూట లోపల ఎంతసేపైనా తిరగొచ్చు కానీ ద్వీపం దాటి వంతెన మీదికి ఒంటరిగా వెళ్లకూడదు. అక్కడ ఎందుకు ఉంచుతారో వేరే చెప్పక్కర్లేదు.

చాలామంది గైడ్లను పోలీసుల్లా ఊహించుకుంటారు. నిజానికి వాళ్లు చదువుకున్నవాళ్లు, విదేశీ భాష బాగా వచ్చినవాళ్లు, సరదాగా పాటలు పాడేవాళ్లు. పిల్లల చదువు గురించి, పెళ్లిళ్ల గురించి మనవాళ్లలాగే ఆరాలు తీస్తారు. ఈ పేజీలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి: మీరు నియమం తప్పితే జవాబు చెప్పాల్సింది ముందుగా వాళ్లు. మీకు మందలింపో, మహా అయితే దేశం నుంచి పంపించడమో జరగొచ్చు. గైడ్ ఉద్యోగం పోవచ్చు, అంతకంటే పెద్దదే జరగొచ్చు. మీకు అది తెలిసే అవకాశం కూడా ఉండదు. "ధైర్యం ఉంటే గైడ్ కళ్లుగప్పి తిరగండి" అని సలహా ఇచ్చే వీడియోల్లో ఈ లెక్క ఎవరూ చెప్పరు.

ఏమేం చూపిస్తారు?

ప్యాంగ్యాంగ్‌లో మాన్సుదే కొండ మీద ఇద్దరు నాయకుల (కిమ్ ఇల్ సుంగ్, ఆయన కొడుకు కిమ్ జోంగ్ ఇల్) కంచు విగ్రహాలు, అక్కడి అధికార సిద్ధాంతం పేరు మీద కట్టిన 170 మీటర్ల జూచే టవర్, కిమ్ ఇల్ సుంగ్ స్క్వేర్, యుద్ధ మ్యూజియం, మెట్రో. 1973లో మొదలైన ఈ మెట్రో భూమికి సుమారు 100 మీటర్ల లోతులో ఉంది. ఎస్కలేటర్ మీద దిగుతుంటే ఎంతకీ అడుగు రాదు. దూరంనుంచి 105 అంతస్తుల ర్యూగ్యోంగ్ హోటల్ కనిపిస్తూనే ఉంటుంది. 1987లో మొదలుపెట్టారు, ఇప్పటికీ ఒక్క అతిథి దిగలేదు.

రాజధాని బయట రెండు చోట్లు వదులుకోకూడదు. ఒకటి మ్యోహ్యాంగ్ కొండల్లోని అంతర్జాతీయ మైత్రీ ప్రదర్శనశాల. ప్రపంచ దేశాల నుంచి నాయకులకు వచ్చిన కానుకలన్నీ కొండను తొలిచి కట్టిన హాళ్లలో పెట్టారు. స్టాలిన్ ఇచ్చిన బుల్లెట్‌ప్రూఫ్ కారు దగ్గర్నుంచి, నికరాగువా నుంచి వచ్చిన, రెండు కాళ్ల మీద నిలబడి ట్రే పట్టుకున్న మొసలి బొమ్మ వరకు ఉంటాయి. అది నిజం మొసలి, గడ్డి కూరి పెట్టింది. దేశం ఒంటరిది కాదని సొంత జనానికి చూపించడానికి ఇంత శ్రమ పడ్డారంటే ఆ ఒంటరితనం ఎంతదో అక్కడే అర్థమవుతుంది.

రెండోది పాన్‌ముంజోమ్. 1953 జులై 27న కొరియా యుద్ధ విరమణ ఒప్పందం జరిగిన చోటు, రెండు కొరియాల సైనికులు ఎదురెదురుగా నిలబడే చోటు. ఇక్కడ మనకు సొంత కథ ఒకటుంది. యుద్ధం ఆగాక సొంత దేశానికి తిరిగి వెళ్లబోమని మొండికేసిన 22,000 మందికి పైగా యుద్ధ ఖైదీలను ఏం చేయాలో తేల్చడానికి ఐదు తటస్థ దేశాల కమిషన్ వేశారు. దానికి అధ్యక్షుడు మన జనరల్ తిమ్మయ్య. ఆ ఖైదీలకు కాపలా ఉన్నది భారత సైన్యం. అక్కడ చెప్పే కథలో ఈ ముక్క వినిపించకపోవచ్చు కాబట్టి వెళ్లే ముందే చదువుకోండి.

విగ్రహాల ముందు వంగి దండం పెట్టాలా? నాకు ఇష్టం లేదు.

మాన్సుదే విగ్రహాల ముందు వరుసగా నిలబడి, పూలు పెట్టి, వంగాలి. ఇద్దరు నాయకుల భౌతికకాయాలు ఉంచిన కుమ్‌సుసాన్ భవనానికి తీసుకెళ్తే ఇంకా కట్టుదిట్టం. జీన్స్, చెప్పులు పనికిరావు. ఫోన్లు, కెమెరాలు బయటే ఇచ్చేయాలి. గాలి ఊదే యంత్రాల మధ్య నుంచి నడిపించి బట్టల దుమ్ము దులిపిస్తారు. అద్దాల పెట్టె చుట్టూ తిరుగుతూ కాళ్ల వైపు, రెండు పక్కల వంగాలి. తల వైపు వంగకూడదు.

మనసు ఒప్పుకోకపోతే వెళ్లడమే మానుకోండి. అక్కడికెళ్లి "నేను వంగను" అని నిలబడితే ఆ నిరసనకు మూల్యం చెల్లించేది ఎవరో పైన చెప్పాను.

ఫొటోలు?

అనుకున్న దానికంటే ఎక్కువే తీసుకోనిస్తారు. సైనికులు, చెక్‌పోస్టులు, సగం కట్టిన భవనాలు తీయకూడదు. నాయకుల విగ్రహం, చిత్రం తీస్తే తల నుంచి పాదం దాకా మొత్తం రావాలి. చెయ్యి కోసేసినట్టు, కాలు కోసేసినట్టు ఉండకూడదు. దాని ముందు వేళాకోళం పోజులు అసలే వద్దు. నాయకుడి బొమ్మ ఉన్న పత్రికను ఆ బొమ్మ మీద మడత పడేలా మడవకూడదు, నలిపి చెత్తబుట్టలో వేయకూడదు. మనం సామాన్లు చుట్టడానికి పాత పేపర్ వాడతామే, ఆ అలవాటు అక్కడ ప్రమాదం. దేశం దాటేటప్పుడు ఫోన్ గ్యాలరీ చూసే అవకాశం ఉంది. డ్రోన్ తీసుకెళ్లకండి.

ఫోన్, ఇంటర్నెట్ పనిచేస్తాయా?

మీ సిమ్ పనిచేయదు. మామూలు టూరిస్టుకు ఇంటర్నెట్ లేదనే అనుకోండి. హోటల్ నుంచి విదేశాలకు ఫోన్ చేయొచ్చు, నిమిషానికి బాగానే వసూలు చేస్తారు. 2013కు ముందైతే ఫోన్లు ఎయిర్‌పోర్ట్‌లోనే తీసేసుకునేవాళ్లు. ఇప్పుడు మన దగ్గరే ఉంటుంది, కెమెరాగా పనికొస్తుంది.

ఇంట్లో అమ్మానాన్నలకు ఈ సంగతి ముందే గట్టిగా చెప్పండి. ఫోన్ ఎత్తకపోతే వాళ్లు మూడో రోజుకల్లా చుట్టాలందరికీ చెప్పేస్తారు.

డబ్బు ఏం తీసుకెళ్లాలి?

నగదు. యూరోలు, చైనా యువాన్లు, డాలర్లు. చిన్న నోట్లు ఎక్కువగా పెట్టుకోండి, చిల్లర దొరకదు. కార్డులు, ఏటీఎంలు, యూపీఐ మర్చిపోండి. అక్కడి వోన్ విదేశీయుల చేతికి సాధారణంగా రాదు.

వెజిటేరియన్లకు, గొడ్డు మాంసం తిననివాళ్లకు ఎలా?

బుక్ చేసేటప్పుడే రాతపూర్వకంగా చెప్పాలి. అన్నం, గుడ్డు, టోఫు, బంగాళదుంప, ఆకుకూరలు దొరుకుతాయి. గుడ్డు కూడా తిననంటే ప్లేటులో పెద్దగా ఏమీ మిగలదు. కిమ్చీ చూడటానికి కూరగాయే కానీ చాలాసార్లు అందులో ఊరబెట్టిన చేపో రొయ్యో కలుపుతారు. ప్యాంగ్యాంగ్ పేరు చెప్పగానే అందరూ తలచుకునేది ఓక్ర్యుగ్వాన్ రెస్టారెంట్‌లో తినే చల్లని నూడుల్స్. ఆ చల్లని రసం మాంసం ఉడికించినదే, గొడ్డు మాంసం కూడా ఉంటుంది. అడిగి తినండి. కుక్క మాంసం సూప్ గురించి భయపడక్కర్లేదు, అది ప్రత్యేకంగా చెప్తేనే తెస్తారు. సీల్ వేసిన పొడులు, బిస్కెట్లు దగ్గర పెట్టుకోండి. నూనె కారే పచ్చడి సీసా కస్టమ్స్ బల్ల మీద పగిలితే చూడముచ్చటగా ఉండదు.

జైల్లో వేస్తారేమో అని భయంగా ఉంది.

భయానికి కారణం ఉంది. ఒటో వార్మ్‌బియర్ అనే అమెరికన్ విద్యార్థిని 2016 జనవరిలో ప్యాంగ్యాంగ్ ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకున్నారు. హోటల్లో గోడ మీది ప్రచార పోస్టర్ దొంగిలించబోయాడని 15 ఏళ్ల కఠిన శిక్ష వేశారు. 2017 జూన్‌లో కోమాలో ఉన్న మనిషిని అమెరికాకు పంపారు. కొద్ది రోజులకే చనిపోయాడు. అతనికి 22 ఏళ్లు. అంతకుముందు 2008లో కుమ్‌గాంగ్ కొండల రిసార్ట్‌లో తెల్లవారుజామున నడకకు వెళ్లి, నిషేధిత ప్రాంతంలోకి అడుగు పెట్టిన దక్షిణ కొరియా మహిళను సైనికుడు కాల్చి చంపాడు.

ఈ రెండూ చెప్పి మరీ అంటున్నాను: చెప్పిన మాట విన్న టూరిస్టుల్లో దాదాపు అందరూ ఏ గొడవా లేకుండా వెళ్లొచ్చారు. ప్రమాదం జరిగే అవకాశం తక్కువ. కానీ జరిగితే దానికి హద్దు లేదు. లాయరు, అప్పీలు, మీడియా ఏవీ పనిచేయవు. మత గ్రంథాలు పంచడం, రాజకీయం మాట్లాడటం, సావనీర్ కింద ఏదన్నా గోడ మీంచి పీకడం, తాగి వాగడం ఈ నాలుగూ మానుకోలేనివాళ్లు అటు వెళ్లకూడదు. దక్షిణ కొరియా డ్రామాలు, సినిమాలు ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో ఉంటే చైనాలోనే తుడిచేయండి. మన ఇళ్లలో చాలామంది ఫోన్లలో కె-డ్రామాలు ఉంటున్నాయి కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తోంది.

జబ్బు చేస్తే?

మందులు మీవి మీరే తీసుకెళ్లండి, ప్రిస్క్రిప్షన్‌తో సహా. షుగరు, బీపీ మాత్రలు రెండింతలు పెట్టుకోండి. చాలా ఇన్సూరెన్స్ పాలసీలు ఈ దేశాన్ని మినహాయిస్తాయి, చిన్న అక్షరాలు చదవండి. గుండె జబ్బు ఉన్నవాళ్లు వద్దు.

అక్కడ కనిపించేదంతా నాటకమేనా?

మెట్రోలో కనిపించే ప్రయాణికులంతా నటులేనని ఒక ప్రచారం ఉంది. ఒకప్పుడు టూరిస్టులకు రెండే స్టేషన్లు చూపించేవాళ్లు కాబట్టి అది పుట్టింది. తర్వాత మరికొన్ని స్టేషన్లకు తీసుకెళ్లారు, జనం అక్కడా ఉన్నారు. ఆఫీసుకు ఆలస్యమైన మనిషి ముఖం ఏ దేశంలోనైనా ఒకటే.

అలాగని చూసిందే దేశం అనుకోకూడదు. ప్యాంగ్యాంగ్‌లో ఉండాలంటేనే అనుమతి కావాలి. అక్కడున్నవాళ్లు ఆ దేశంలో ఎంపికైనవాళ్లు. 1990లలో లక్షల మందిని చంపిన కరువు మ్యూజియంలో కనిపించదు. రాజకీయ ఖైదీల శిబిరాలు టూర్‌లో లేవు. వాటి గురించి ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం 2014లోనే వివరంగా నివేదిక ఇచ్చింది. మీకు చూపించేది అబద్ధం కాకపోవచ్చు. ఏరి చూపించేది, అంతే.

అయితే వెళ్లడం తప్పు కాదా? మన డబ్బు ఎవరికి పోతుంది?

ఎక్కువ భాగం ప్రభుత్వానికే. 2006 నుంచి ఐక్యరాజ్యసమితి ఆంక్షలు వరసగా బిగిశాయి, టూరిజాన్ని మాత్రం నేరుగా నిషేధించలేదు. అందుకే విదేశీ కరెన్సీ సంపాదించే దారుల్లో అది వాళ్లకు ముఖ్యమైంది. "మనం వెళ్తే అక్కడి జనానికి బయటి ప్రపంచం తెలుస్తుంది" అనే వాదన నాకు అంతగా ఎక్కదు. గైడ్లతో తప్ప ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడనివ్వని చోట తెలిసేది ఎంత? గైడ్లకు మాత్రం నిజంగానే కొంత తెలుస్తుంది, అది కాదనను. కేవలం "ఎవరూ వెళ్లని చోటికి వెళ్లాను" అని చెప్పుకోవడానికైతే వద్దనే అంటాను. కొరియా చరిత్ర మీద ఆసక్తి ఉండి, చదువుకుని వెళ్లేవాళ్లను ఆపను.

లోపలికి వెళ్లకుండా చూసే దారి ఉందా?

ఉంది, చాలామందికి అదే సరిపోతుంది కూడా. సియోల్‌లో చదువుకో ఉద్యోగానికో ఉన్న మనవాళ్లను చూడటానికి వెళ్తే, ఒక్క రోజు టూర్‌లో సరిహద్దు చూసి రావచ్చు. దోరా అబ్జర్వేటరీ నుంచి బైనాక్యులర్స్‌లో అవతలి పొలాలు, 160 మీటర్ల జెండా స్తంభం ఉన్న కిజోంగ్ గ్రామం కనిపిస్తాయి. ఉత్తర కొరియా సైన్యం తవ్విన, 1978లో బయటపడ్డ మూడో సొరంగంలోకి దిగొచ్చు. పాస్‌పోర్ట్ మర్చిపోకండి.

చైనా వైపు దాన్‌దోంగ్ ఇంకా దగ్గర. 1950లో అమెరికన్ బాంబులకు సగం కూలిన వంతెన చివరిదాకా నడిచి నిలబడితే నది అవతల సినుయిజు. పడవలో వెళ్తే ఒడ్డున మనుషులు కనిపిస్తారు. వాళ్ల మీదికి జూమ్ చేసి వీడియోలు తీయడం అక్కడ రోజూ జరిగే పనే. చూడటానికి బాగోదు.

వెళ్లొచ్చాక యూట్యూబ్‌లో వీడియో పెట్టొచ్చా?

మీరు చూసినవి పెట్టుకోండి. గైడ్ల ముఖాలు, పేర్లు పెట్టకండి. బస్సులోనో రాత్రి భోజనం దగ్గరో వాళ్లు నమ్మి చెప్పిన సొంత సంగతులు అసలే వద్దు, వాళ్ల గురించి మంచిగా చెప్తున్నా సరే. ఆ వీడియోలు వాళ్ల పైవాళ్లు కూడా చూస్తారు.